బావి గట్టు మీద నన్ను కూర్చోబెట్టిన ముసలామె

దయ్యాలనేవి పనిలేనివాళ్లు పుట్టించిన మాటలని నా గట్టి నమ్మకం. శ్మశానం పక్క చేను కావలి కాసినదాన్ని, కోడుమూరు నుంచి చీకట్లో ఒంటరిగా నడిచి వచ్చినదాన్ని. ఏదీ నా జోలికి రాలేదు. అయినా ఇది జరిగింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, నమ్మితే నమ్మండి.

నేను కాపురానికి వచ్చిన ఏడాది వాన పడలేదు. మా సీమలో వాన పడకపోవడం కొత్తేమీ కాదు. మా అత్త మాత్రం నేను కాలు పెట్టినందుకే మేఘం పారిపోయిందని చర్చి ముందర నిలబడి నలుగురికీ చెప్పేది. అందుకే మా చేలో బావి తవ్వుతున్నప్పుడు, నీళ్లు పడాలని నాకంటే ఎక్కువగా కోరుకున్నవాళ్లు లేరు.

కొంత లోతు పోయాక బండ తగిలింది. మా ఆయన, ఆయన అన్న కలిసి బండకు గుంతలు కొట్టి, తుపాకి మందు కూరి, వత్తి అంటించి పైకి పరుగెత్తి వచ్చేవాళ్లు. ఎన్ని గుంతలు అంటిస్తే అన్ని మోతలు వినబడాలి. ఆ తరువాతే ఎవరైనా కిందికి దిగాలి. బావులు తవ్వేవాళ్లకు ఇది ప్రాణాలు కాపాడే పద్ధతి.

మా ఇంటి పద్ధతి ఇంకొకటి ఉంది. కొత్త బావిలో మొదటి కడవ ఇంటి కోడలే ముంచాలి. ఆ నీళ్ల ముందు చర్చి అయ్యగారు ప్రార్థన చేస్తాడు. ముంచిన కోడలి పేరు ఊళ్లో నిలిచిపోతుంది. నా కన్నూ, నేను అక్కా అని పిలిచే మా తోడికోడలి కన్నూ ఆ కడవ మీదే.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం మూడు గుంతలు అంటించారు. మా బావ వేళ్లు మడిచి, "మూడూ అయిపోయినాయిరా" అన్నాడు. నిజానికి పేలినవి రెండే. రెండో మోత ఎదురు గుట్టకు తగిలి తిరిగి వస్తే, దాన్ని మూడోదని లెక్క వేశాడు. మా ఆయన తొంగి చూసి "నీళ్లు పడినాయి" అని కేక పెట్టాడు. అడుగున బండ చీలికలోంచి నీళ్లు చిమ్ముతున్నాయి. అన్నదమ్ములిద్దరూ అత్తను పిలుచుకొని రావడానికి ఇంటి దిక్కు పరుగెత్తారు. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. కడవ చంకన పెట్టుకుని బావిలోకి తవ్విన మెట్ల వైపు ఉరికాను.

తవ్విపోసిన రాళ్ల కుప్ప మీద ఒక ముసలామె నిలబడి ఉంది. ఎండ ఆమె వెనక నుంచి కొడుతోంది, ముఖం ఆనవాలు కట్టలేకపోయాను.

"ఏమ్మే, యాడికి ఉరుకుతాండావు? కూచో ఈడ."

"ఇడువవ్వా. మా అక్క వచ్చేలోగా నేను ముంచల్ల."

"ఆమె రాదులే. కాలికి ముల్లు ఇరిగి దావలో కూచోనుండాది."

"నీకెట్ల తెలుసు? నేను పోకుంటే మా అత్త..."

"నీ అత్తా? బంగారు కడవతో ముంచినా ఆయమ్మ నిన్ను మెచ్చుకోదు. ఒకరి మెప్పు కోసం ప్రాణం తీసుకుంటావా? నీళ్లు యాడికీ పోవు. కూచోమంటే కూచో."

ముక్కూమొహం తెలియని మనిషి అట్లా గదమాయిస్తే ఒళ్లు మండింది. అయినా ఎందుకో కూర్చున్నాను. నాలుగు తిట్టి లేద్దామని నోరు తెరిచాను. అప్పుడు పేలింది మూడోది. తడికి వత్తి నిదానంగా కాలిందని తరువాత మా బావ చెప్పాడు. రాళ్లు గట్టు దాటి ఎగిరిపడ్డాయి. నేను దిగబోయిన మెట్లు సగం మిగల్లేదు.

పొగ విడిపోయాక చూస్తే కుప్ప మీద ఎవరూ లేరు. చుట్టూ ఎండిన చేలు, మేక కదిలినా కనబడే నేల. మా తోడికోడలిని మా బావ చెయ్యి పట్టి నడిపించుకొచ్చాడు. కాలిలో ముల్లు విరిగింది.

దేశానికి స్వతంత్రం వస్తుందని అందరూ చెప్పుకుంటున్న ఏడాది, ముసలితనంలో నేను చర్చి బడికి పోయి అక్షరాలు దిద్దుకుంటున్నాను. ఒక మధ్యాహ్నం నా కోడలు అదే బావి కింద వంగతోటకు నీళ్లు కడుతోంది. మేకలు ఎటు పోయాయో చూద్దామని నేను రాళ్ల కుప్ప ఎక్కాను. ఉన్నట్టుండి తుపాకి మందు కాలిన వాసన. నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఏమ్మే, యాడికి ఉరుకుతాండావు?" అన్నాను. ఎదురుగా ఎవరూ లేరు. ఎవరో బదులు చెబుతున్నట్టు ఆగాను. మళ్లీ అన్నాను. ముల్లు మాట, అత్త మాట, అన్నీ వచ్చేశాయి.

కోడలు గట్టెక్కి వచ్చి, "ఎవరితో మాట్లాడతాండావత్తా? ముల్లు ఎవరికి ఇరిగింది?" అంది.

అప్పుడు తెలిసింది నాకు, ఆనాడు ఈ కుప్ప మీద నుంచి విన్న గొంతు నాదేనని. ఒళ్లంతా పులకరించింది. భయం కాదు, సంబరం. కడవ చంకన పెట్టుకున్న ఆ పిల్ల, ఆనాటి నేను, ఇంకా ఇక్కడే ఉంటే ఎన్ని చెప్పాలి! అత్త అన్న ప్రతి మాటకూ కుంగిపోవద్దని, అందరూ తిన్నాక మిగిలింది తినొద్దని, బడికి పోవడానికి తల నెరిసేదాకా ఆగొద్దని. ఆత్రంగా నోరు తెరిచాను. ఆనాడు విన్న మాటల మీద ఒక్క మాట ఎక్కువ రాలేదు. వాసన పోయింది. కోడలు నాకు జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది.

ఆ ముసలామె దగ్గర విన్న మాటలే ఆ పిల్లకు చెప్పాను. మరి ఆ మాటలు మొదట అన్నది ఎవరో! అయ్యగారిని అడిగితే దేవుని చిత్తం అన్నాడు. సరే, ప్రాణం దక్కింది, కాదనను. ఆ పిల్లకు చదువుకోమని ఒక్క ముక్క మాత్రం ఎందుకు చెప్పలేకపోయానో, ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టడం లేదు.