పాముచెవుల మాస్టారి మూడో రిపేరు

ఆ వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ పాముచెవుల మాస్టారే. కార్లలో పాటల పెట్టెలు బాగుచేయడం తప్ప ముప్పై ఏళ్లుగా ఇంకో పని ఎరగడు. ఒకప్పుడు కారు వచ్చి కొట్టు ముందు ఆగీ ఆగకముందే, వెనక కుడి స్పీకరు తీగ వదులైందని లోపల్నుంచే చెప్పేసేవాడు. కారాయన నోరు తెరవకముందే జబ్బు బయటపడేది. అలా వచ్చిన పేరది. పేరు రావడానికి పదేళ్లు పట్టింది గానీ, చెవులు పోవడానికి రెండేళ్లు చాలాయి.

కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం మిగిలింది. ఈ సంగతి తనకు తప్ప పురుగుకు కూడా తెలియదని ఆయన ధీమా. పాటల పెట్టెలు చూసేవాడికి చెవుడని తెలిస్తే ఇంకేమైనా ఉందా, మర్నాడే కొట్టుకు తాళం వేసుకోవాలి. అందుకని నానా వేషాలూ నేర్చుకున్నాడు. వచ్చినవాళ్లు చెప్పింది వినపడకపోతే, పెద్ద డాక్టరులా కళ్లు మూసుకుని, మళ్లీ మొదట్నుంచీ చెప్పమనేవాడు. స్పీకరు గుడ్డ మీద వేలు ఆనించి, ఆ అదురును బట్టి మోత ఎంతుందో లెక్కగట్టేవాడు. చెప్పొద్దూ, ఆ వేలు కూడా సామాన్యమైంది కాదు.

ఆయనకో పట్టుదల కూడా ఉండేది. ఇంజను ఆపి, అద్దాలు ఎత్తి, తలుపులు వేశాకే పాట వినాలి. రోడ్డు మీద నడుపుతూ చూడమని ఎవరైనా అంటే ఒంటికాలి మీద లేచేవాడు. నేను మెకానిక్‌నే గానీ డ్రైవర్ని కాదనేవాడు. చెవులు బాగున్న రోజుల్లో అది పట్టుదలే. ఈ రెండేళ్లుగా మాత్రం భయం. కదిలే బండిలో అన్నీ అదురుతాయి, ఇక వేలికేం తెలుస్తుంది?

కొట్టు ముందు బల్ల దగ్గర ఆయన భార్య కూర్చుని ఫ్యూజులూ వైర్లూ అమ్మేది. పెళ్లైన కొత్తలో ఆవిడ మాట పక్కగదిలోకి కూడా వచ్చేది కాదు. ఏమందో వినడానికి ఆయన పని వదిలి దగ్గరికి వెళ్లాల్సి వచ్చేది. నిజానికి ఆ వంకతో వెళ్లడం ఆయనకు ఇష్టంగానే ఉండేది. అలాంటి మనిషి ఈమధ్య గొంతెత్తి మాట్లాడటం మొదలుపెట్టింది. పక్కనున్న టైర్ల కొట్టతను ఆవిడకు మైకమ్మ అని పేరు పెట్టాడు. కొనడానికి వచ్చినవాళ్లు, పాపం మాస్టారు ఆ గయ్యాళితో ఎలా వేగుతున్నాడో అని జాలిపడేవాళ్లు. మాస్టారూ తక్కువ తినలేదు. వయసు మీదపడితే అందరికీ జుట్టు నెరుస్తుంది, నీకు గొంతు పెరిగిందని ఓసారి నలుగురిలో అన్నాడు. ఆవిడ నవ్వి ఊరుకుంది.

ఇంతలో టాక్సీ నడిపే ఒకావిడ వచ్చిపడింది. పాత కారు కొత్తగా కొనుక్కుంది. పాట సౌండు దానంతటదే పెరుగుతోంది, దానంతటదే తగ్గుతోంది అంది. మాస్టారు ఇంజను ఆపించి, తలుపులు వేసి, వేలు ఆనించి చూశాడు. పెట్టె బుద్ధిమంతుడిలా పాడింది. సౌండు తిప్పే బిరడాలో దుమ్ము చేరి ఉంటుందని మందు కొట్టి శుభ్రం చేసి పంపాడు. నాలుగో రోజుకు ఆవిడ మళ్లీ హాజరు. ఈసారి బిరడానే మార్చాడు. వారం తిరగకుండా మూడోసారి వచ్చింది. వెనకసీట్లో కునుకు తీస్తున్న ఒక పెద్దాయన పాట మోతకు ఉలిక్కిపడి, బండి ఆపించి మధ్యలోనే దిగిపోయాడట. ఈసారి కూడా కుదరకపోతే స్టాండులో బండ్లన్నీ వంతెన అవతలి కొత్త కొట్టుకు పోతాయని మొహమాటం లేకుండా చెప్పింది.

పూర్వమైతే మాస్టారు పెట్టెలో ఏమీ లేదు పొమ్మని దబాయించేవాడే. ఇప్పుడు ఆ నోరు లేదు. సౌండు ఇక్కడే, తన ముందే పెరుగుతోందేమో, తనకే తెలియడం లేదేమో! జబ్బు పెట్టెది కాదు, తన చెవిదేనన్న అనుమానం పట్టుకుంది. అది పట్టుకున్నాక ముప్పై ఏళ్ల విద్య ఎటు పోయిందో తెలియలేదు.

ఒకసారి తనతో రోడ్డు మీదకి రమ్మంది టాక్సీ ఆవిడ. మాస్టారు పనిముట్లు సర్దడం మొదలుపెట్టాడు. అంతలో బల్ల దగ్గర్నుంచి భార్య లేచి వచ్చింది.

"నేనూ వస్తానండీ. కారెక్కి ఎన్నాళ్లయిందో" అంటూ వెనక తలుపు తీసుకుని కూర్చుంది, సరిగ్గా ఆయన వెనకాలే. ఇక ఆయనకు ఎక్కక తప్పలేదు.

బండి వీధి దాటి పెద్ద రోడ్డెక్కింది. మాస్టారు తలుపు స్పీకరు మీద వేలు పెట్టాడు. అనుకున్నట్టే రోడ్డు అదురంతా వేలికెక్కి, పాటేదో గుంతేదో తెలియకుండా పోయింది. అప్పుడే భుజం మీద ఎవరో తట్టారు. భార్యే. వెనక్కి తిరిగితే ఆవిడ కిటికీలోంచి చూస్తోంది. కాసేపటికి సిగ్నల్ దగ్గర బండి నెమ్మదించగానే అదే చెయ్యి భుజాన్ని మెల్లగా నొక్కింది. మళ్లీ బండి పరుగెత్తింది, మళ్లీ తట్టింది. ఇదేం పరాచికం అని ఆయనకు ఒళ్లు మండింది. నాలుగోసారి మాత్రం ఎదురుగా ఉన్న స్పీడు ముల్లు మీద చూపు పడింది. ముల్లు అరవై దాటినప్పుడల్లా తడుతోంది. కిందికి దిగినప్పుడల్లా నొక్కుతోంది.

సౌండు పెరిగితే తట్టు, తగ్గితే నొక్కు. మాస్టారికి రెండు సంగతులు ఒక్కసారే తెలిశాయి. బండి వేగం పెరిగితే, రోడ్డు మోతలో పాట మునిగిపోకుండా సౌండును దానంతటదే పెంచే ఏర్పాటు ఈ పెట్టెలో ఉంది. పాత యజమాని దాన్ని పైమెట్టులో పెట్టి అమ్మేశాడు. ఆయనకు తెలియనిదేం కాదు, భయంలో తట్టలేదంతే. రెండో సంగతి, తన చెవుల గుట్టు ఈవిడకు తెలుసు.

బండి పక్కకు ఆపించి, మీటలు నొక్కి ఆ ఏర్పాటు తీసేశాడు. మళ్లీ నడపమన్నాడు. ముల్లు అరవై దాటింది, డెబ్బై దాటింది. భుజం మీద చెయ్యి అలాగే ఉంది, కదల్లేదు. పాట ఒకే తీరున సాగుతోందని టాక్సీ ఆవిడ సంబరపడిపోయింది. తప్పు నాదేనమ్మా, పరుగెత్తే బండి జబ్బును నిలబడ్డ బండిలో వెతికానని మాస్టారు ఒప్పుకున్నాడు.

కొట్టుకు తిరిగొచ్చి టాక్సీ దిగాక, ఆయన భార్యకు ఎదురుగా నిలబడ్డాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"రెండేళ్ల నుంచీ."

"మరి చెప్పలేదే?"

"మీరు చెబుతారని చూశానండీ. ఈలోపు మీకు అనుమానం రాకుండా రోజూ కాస్త కాస్త గొంతు పెంచుకుంటూ వచ్చాను."

మాస్టారికి అంతా అర్థమైంది. తన పేరు చెడకూడదని ఈ మనిషి గయ్యాళి అనిపించుకుంది. తనేమో నలుగురిలో నవ్వులపాలు చేశాడు. ఆయనకు తనమీద తనకే అసహ్యం వేసింది. ఆవిడ మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టి కళ్లు చెమర్చాయి.

టైర్ల కొట్టతను గాలి పంపు ఆపి, బాబాయ్, మైకమ్మ గారితో షికారు బాగా జరిగిందా అని కేకేశాడు. అతని దగ్గర ఇద్దరు డ్రైవర్లున్నారు, టాక్సీ ఆవిడ ఇంకా బండి తిప్పుకుంటోంది. మాస్టారు నడిరోడ్డు మీదకు వచ్చాడు.

"ఒరేయ్, మైకు కాదురా. నాకు చెవుడు. కుడిది లేనే లేదు, ఎడమది సగం. రెండేళ్లుగా నాకు వినపడాలని మీ పిన్ని గొంతు చించుకుంటోంది. ఇంకెప్పుడూ ఆవిణ్ని ఆ మాట అనకు" అన్నాడు.

టైర్ల కొట్టతను తలొంచుకున్నాడు. టాక్సీ ఆవిడ అద్దం దించి, స్టాండులో ఇంకో రెండు బండ్లకు ఇదే జబ్బుందనీ, రేపు పంపిస్తాననీ చెప్పింది. ఆయనకు అది వినపడలేదు. భార్య భుజం మీద తట్టి, అటు చూడమంది.

ఆ తర్వాత మాస్టారు తన ముక్కాలిపీట తెచ్చి బల్ల పక్కనే, ఎడమ చెవి ఆవిడ వైపు ఉండేలా వేసుకున్నాడు. ఆవిడ ఏదో అంది. పెదవులు కదిలాయి గానీ మాట అందలేదు. ఏమన్నావని ఆయన ఇంకాస్త దగ్గరికి వంగాడు.

"భోజనానికి లేవమన్నాను" అంది ఆవిడ, పెళ్లైన కొత్తలో మాట్లాడినంత మెల్లగా.