మట్టికట్ట కింద పచ్చగడ్డి

మా క్వార్టర్ల వెనక ఎర్రమట్టితో చిన్న కట్ట పోసి, గనిలోంచి తోడిన నీళ్ళు నింపి, దానికి పక్షుల చెరువని పేరు పెట్టారు. పక్షుల కన్నా ముందు సిమెంటు కొంగలు వచ్చాయి. నిజం కొంగలు నాలుగు వాలిన రోజునే ప్రారంభోత్సవమని టపాసులు పేల్చారు. అవి మళ్ళీ ఇటు తొంగిచూడలేదు. సిమెంటు వాటికే ఏటా రంగులు వేస్తున్నారు.

అంతవరకు నవ్వుకుని ఊరుకునేదాన్ని. కానీ ఈ ఎండాకాలం, అంతటా బొగ్గుదుమ్ము తప్ప ఏమీ లేనప్పుడు, కట్ట దిగువన ఒక్కచోట గడ్డి నిగనిగలాడుతూ లేచింది. ఎవరూ నీళ్ళు పట్టింది లేదు. పార్కు కమిటీ పెద్దమనిషి మురిసిపోయి అక్కడే పిల్లలకు ఉయ్యాలలు పాతించాడు. సాయంత్రమైతే నా మూడేళ్ళ కూతురు ఆ ఉయ్యాల కోసం ఏడుస్తుంది. ఆ తడి ఎక్కడిదోనని నాకు నిద్ర పట్టదు.

"సార్, కట్టలకెళ్ళి నీళ్ళు ఊరుతున్నయేమో. ఎవలికన్న చూపియ్యుండ్రి" అన్నాను పెద్దమనిషితో.

"ఏందమ్మా, పచ్చగ కనవడ్డా నీకు కండ్లమంటనేనా?"

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆయన తుమ్మినా నవ్వే రకం.

మా ఆయన కూడా నవ్వాడు. గనిలో కప్పును కర్రతో తట్టి, చప్పుడు వినందే కింద నిలబడని మనిషి! పైకొచ్చాక మాత్రం రంగు వేసిన గేటుంటే చాలు, దేన్నైనా నమ్ముతాడు.

"గనిల గూడ గిట్లనే నవ్వుతవా?" అన్నాను.

"నీకు అన్నిట్ల భయమే. గది ఒట్టి గడ్డే."

నిన్న సాయంత్రం పాప ఉయ్యాల దిగుతూ చీలమండ దాకా కూరుకుపోయింది. కాలు లాగితే చెప్పు లోపలే ఉండిపోయింది. మా ఆయన చెయ్యి పెట్టి తీశాడు. ఆ గుంటలో నీళ్ళు ఊరాయి. తేటగా కాదు, ఎర్రమట్టి కలిసి.

"కట్ట మన్నే గదా గిది?" అన్నాను.

ఆయన లేచి కట్ట వైపు చూశాడు. పాపను భుజానికెత్తుకుని, "నడువు, జల్ది" అన్నాడు.

పక్కింటావిడ ఇంకా కొడుకును ఉయ్యాల ఊపుతూనే ఉంది.

"అక్కా, లెవ్వు. కట్ట కారుతున్నది, తెగుతదేమో."

"ఆగు చెల్లె, సారు ఫొటో తీపిస్తుండు."

నేను ఆగలేదు. వాళ్ళ పిల్లాణ్ణి దించి, చంకనేసుకుని రోడ్డు మీదికి నడిచాను. ఆవిడ నన్ను తిడుతూ వెనకే పరుగెత్తుకొచ్చింది. తిట్టనీ. వచ్చింది కదా.