ఎండిన డ్యాములో పడవకు పాలిష్

మా పెయింటు మేస్త్రి పోయారని మొన్న పొద్దున షెడ్డుకు ఫోనొచ్చింది. "ఎవురు, ఆ రంగులు పూసే ముసిలాయనా?" అన్నాడు షెడ్డులో రంగుకు లారీ నిలిపిన ఓనరు. నాకు ఒళ్లు మండింది. రంగు ఎవడైనా పూస్తాడు. పూయకూడని చోట పూయనని చెప్పిన మనిషి మా మేస్త్రి. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు పని కూర్చోబెట్టి నేర్పినవాళ్లు లేరు. చూసి, చెడగొట్టి, తిట్లు తిని నేర్చుకున్నాను. ఫైబరు మీద చెయ్యి ఎలా పెట్టాలో మాత్రం ఆయన పక్కన నిలబడితేనే తెలిసింది.

నేను పని నేర్చుకునే రోజుల మాట. అనంతపురానికి దూరంగా ఒక డ్యాము. వానల్లేక అడుగంతా పగుళ్లిచ్చింది. ఆవలి పల్లెలకు జనాన్ని దాటించే ఫైబరు పడవ గట్టు మీద బోర్లా పడి ఉండేది. అది ఒక అక్కది. భర్త పోయాక తనే నడిపేది. ఎండకు పైపూత చచ్చి, నీలం పడవ సున్నం కొట్టిన గోడలా అయింది. కాలువ గుండా డ్యాముకు నీళ్లు వదులుతారని తెలిసి అక్క మమ్మల్ని పిలిపించింది.

"ఎక్కినోళ్ల బట్టలకంతా సుద్ద అంటుకుంటాదన్నా. ఇది బాగైతే ఈడుంటా. లేకుంటే బెంగళూరుకు కూలికి పోతా" అంది.

"పైన ఎనామిల్ రంగు కొట్టేద్దాం మేస్త్రీ, సాయంత్రానికి అయిపోతాది" అన్నాను.

"సుద్ద మీద కొడితే పొరలు పొరలుగా లేస్తాదిరా. చచ్చిన పొర తీయల్ల. కింద రంగు బతికే ఉండాది" అంటూ తడిగుడ్డతో ఒకచోట తుడిచారు. నీలం బయటపడింది. ఆరగానే మళ్లీ తెల్లబడింది.

వాటర్ పేపరు, అంటే నీళ్లతో రుద్దే గరుకు కాగితం, తడిపి రుద్దడం మొదలుపెట్టాం. ముందు ముతకది, తర్వాత సన్నది. నీళ్లేమో ట్యాంకరువి. మా సీమలో వాడిన నీళ్లు ఎవరం పారబోయం. మేస్త్రి మొహం కడిగిన నీళ్లు కూడా చెట్టుకు పోసే రకం. అలాగే పేపరు కడిగిన బకెట్టును తేరబెట్టి, పైన తేటనీళ్లు మళ్లీ వాడారు. సన్న పేపరుతో ఒక పక్కంతా రుద్ది, మెరుగు పెట్టే కాంపౌండు పట్టించి తుడిచి చూస్తే మెరుపు నిండా గుండ్రటి గీతలు. ముతక పేపరు నుంచి రాలిన గరుకు ఆ నీళ్లలోనే ఉండిపోయింది.

నేను బకెట్టును ఒక్క తన్ను తన్నాను. మేస్త్రి గీతల మీద వేలు నడిపి, "తప్పు నాదే. నీళ్ల కాడ పిసినారితనం చేసినా" అన్నారు. ఆ పక్క మొత్తం మళ్లీ మొదటి నుంచి.

ఖాళీ బకెట్టుతో ట్యాంకరు దగ్గరకు ఆయనే పోయారు. అక్కడి ఆడవాళ్లు ఊరుకుంటారా?

"ఏమప్పా, మనుసులకే లేకుంటే పడవకు తలంటా?"

"అవునమ్మా, తలంటే. దానికి పెండ్లి కుదిరింది."

అందరూ నవ్వారు. వాళ్లతోపాటు నీళ్లకు నిలబడిన పడవ అక్క తన బిందె ఎత్తి బకెట్టులో వంపింది. "ఈపొద్దు నా గుడ్డలు ఉతకనులే అన్నా. దానికే పోసుకో."

ఆ నీళ్లను గుడ్డలో వడగట్టి చేత్తో చిలకరించారు. వాడిన చుక్కను మళ్లీ ముట్టలేదు.

గట్టు మీద కరెంటు లేదు. పాత బనియన్ గుడ్డలు, మా చేతులు, అంతే. నేను పళ్లు కొరుకుతూ రుద్దుతుంటే, "నీకెవురి మీదరా కోపం? పడవ మీదైతే కాదు గదా. చెయ్యి తేలిగ్గా పెట్టు" అనేవారు. నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. చెయ్యి మాత్రం తేలికైంది. ఈ చుట్టుపక్కల లారీ క్యాబినుకు నాలాగా మెరుపు తెచ్చేవాణ్ణి చూపించండి.

నీళ్లొచ్చాయి. మొదటి రోజు తెల్లపంచెలవాళ్లే ముందు ఎక్కారు. దిగి వెనక్కి తిరిగి పంచెలు చూసుకున్నారు. సుద్ద లేదు. అక్క బెంగళూరు మాట మళ్లీ ఎత్తలేదు.

రెండో విడతకు ఒక పెద్దాయన పొట్టేలును తోలుకొచ్చాడు. అది ఎక్కనని మొరాయించింది. పడవ పక్క మీద నిగనిగలాడే నీలంలో దానికి ఇంకో పొట్టేలు కనబడింది. తల వంచి, కుమ్మడానికి వెనక్కి అడుగేసింది.

"రేయ్, పట్టుకోండ్రా దాన్ని! గీతలు పడతాయి!" అని అరుస్తూ, పంచె ఎగ్గట్టి, మోకాలి లోతు నీళ్లలో పరిగెత్తారు మా మేస్త్రి.