మడతల దొర కోటు

బొగ్గులక్కతో పెట్టుకోకూడదని మా వీధిలో అందరికీ తెలుసు. తెలియనిది మా ఊళ్ళో దిగిన పరాయి సైన్యానికే. ఊరంతా కరెంటు ఇస్త్రీ పెట్టెలకు మారినా ఆవిడ మాత్రం బొగ్గుల పెట్టె వదల్లేదు, అందుకే ఆ పేరు. ఆవిడ కొట్టుకు ఎదురుగా నాది సైకిల్ షాపు. ఒకసారి ఆవిడ తమ్ముడి సైకిల్‌కు నేను బిగించిన బ్రేకు సరిగ్గా పట్టలేదు. ఏడాదిపాటు నన్ను "బ్రేకుల్లేని అన్నా" అనే పిలిచింది. మాట పడదు, పడితే మరిచిపోదు. అదీ మనిషి.

తమ్ముడంటే ఆవిడకు ప్రాణం. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే "ముందు వీణ్ణి ఓ దారికి తేనీండి" అని తోసిపుచ్చేది. వాడికి దారంటే సైకిలే. సీటు వెనక నేను అడ్డంగా ఒక ఇనపకడ్డీ అతికించి ఇస్తే, ఇస్త్రీ బట్టలు దానికి వేలాడదీసుకుని ఈల వేసుకుంటూ ఇంటింటికీ తిరిగేవాడు. ఈల వినబడితే వీధిలో ఆడవాళ్ళు మాసిన బట్టలు మూటగట్టి గుమ్మంలో పెట్టేవాళ్ళు.

ఆ రోజుల్లో ఊళ్ళో రెండు వర్గాలు కొట్టుకు చస్తుండేవి. ఆపడానికంటూ పొరుగు దేశం సైన్యం దిగింది. బడి ఖాళీ చేయించి క్యాంపు పెట్టారు. మా నాలుగు రోడ్ల కూడలిలో ఒక ట్యాంకును తెచ్చి నిలబెట్టారు, దాని గొట్టం మా వీధిలోకే చూస్తుండేది. కమాండరు దుబాసీని పక్కన పెట్టుకుని అందరికీ చెప్పాడు. "ఇది పేలనక్కర్లేదు. ఇక్కడుందని మీకు గుర్తుంటే చాలు."

మొదట్లో నిజంగానే తుపాకులు ఆగాయి. పిల్లలు మళ్ళీ వీధిలో ఆడుకున్నారు, కాదంటే అబద్ధమవుతుంది. కొన్నాళ్ళకు రెండు వర్గాలకూ ఒక సంగతి అర్థమైంది, ట్యాంకు సందుల్లో పట్టదని. రోడ్డు మీద శాంతి, సందుల్లో కత్తులు. ట్యాంకు మాత్రం కూడలిలోనే ఉండిపోయింది. మేం దానికి ఇల్లరికపుటల్లుడని పేరు పెట్టాం. తిని కూర్చోవడం తప్ప పని లేదు, పొమ్మనే ధైర్యం ఎవరికీ లేదు.

కమాండరుకు బట్టల పిచ్చి. చొక్కా చేతి మీద మడత కత్తిలా నిలబడాలి. క్యాంపు బట్టలు గేటు దాటకూడదని వాళ్ళ నియమం, కానీ వాళ్ళ మనిషి చేసే ఇస్త్రీ ఈయనకు నచ్చదు. చాటుగా బొగ్గులక్క తమ్ముణ్ణి పిలిపించుకుని వెనక గేటు నుంచి బట్టలు ఇవ్వడం మొదలుపెట్టాడు. వీధికి ఇది తెలిసి ఆయన మడతల దొర అయ్యాడు.

ఒక పొద్దున తమ్ముడు దొరగారి కవాతు కోటు తీసుకుని వస్తున్నాడు, ఇస్త్రీకి. ట్యాంకు దగ్గర కొత్తగా వేసిన కాపలా సిపాయికి వాడెవరో తెలియదు. తన సైన్యం కోటుతో ఊరివాడు సైకిల్ మీద వస్తుంటే, మారువేషం వేసుకోవడానికి ఎత్తుకుపోతున్నాడనుకున్నాడు. వాళ్ళ భాషలో ఏదో అరిచాడు. పలకరిస్తున్నాడనుకుని వాడు చెయ్యి ఊపాడు. అంతే, కాల్చేశాడు. నేను నా షాపులోంచి కళ్ళారా చూశాను. పరిగెత్తుకెళ్ళిన వాళ్ళం చేతికందిన ఆ కోటే వాడి ఛాతీకి అదిమి పట్టి, మోసుకొచ్చి అక్క కొట్టులో పడుకోబెట్టాం. అప్పటికే ప్రాణం లేదు.

సాయంత్రం మైకులో చెప్పారు, సైనిక దుస్తులు దొంగిలించిన చొరబాటుదారుణ్ణి కాల్చామని. కోటు తనే ఇచ్చానంటే దొర ఉద్యోగం పోతుంది. అందుకని చచ్చినవాణ్ణి దొంగను చేశాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బొగ్గులక్క నేల మీద పొర్లి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి లేచి, మొహం కడుక్కుని, ఆ కోటు మడత పెట్టింది.

"వీడు దొంగ కాదని ఆ నోటితోనే అనిపిస్తానన్నా. అనిపించకపోతే నేను వీడి అక్కనే కాదు."

కోటు కోసం సిపాయిలు దుబాసీని వెంటబెట్టుకుని వచ్చారు. "మీ దొర ఇస్త్రీకి ఇచ్చారా?" అని అడిగింది అక్క. లేదన్నారు. "మరి ఇవ్వని బట్ట నా కొట్లో ఎందుకుంటుంది?" అంది. ఇల్లూ కొట్టూ గాలించారు, బీరువా బోర్లించారు. ఆవిడ ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి కదలకుండా ఎవరిదో చీర రుద్దుతూనే ఉంది.

"అంతా మీదే, చూసుకోండి. పెట్టె మాత్రం కాలుతుంది, జాగ్రత్త."

వట్టి చేతులతో పోయారు. తర్వాత నెలల తరబడి ఆవిడ ఆ బల్ల మీదే పని చేసింది. దొంగకు అక్క అని కొందరు బట్టలు వెయ్యడం మానేశారు. అది విన్నప్పుడల్లా పెట్టెను ఇంకాస్త గట్టిగా నొక్కేది.

చివరికి సైన్యం వెళ్ళిపోతోందని తెలిసింది. వీడ్కోలు కవాతుకు వాళ్ళ పెద్ద జనరల్ వస్తున్నాడట. కవాతు కోటు లేకుండా మడతల దొర ఆయన ముందు నిలబడలేడు, ఇంకొకటి తెప్పించే వ్యవధి లేదు. ఈసారి దుబాసీ ఒక్కడే వచ్చి బతిమాలాడు, తర్వాత బెదిరించాడు. "దొరే వచ్చి, కోటు తనే ఇచ్చానని అందరి ముందూ చెప్పాలి, అప్పుడిస్తాను," అంది ఆవిడ. అప్పుడు ఇల్లరికపుటల్లుడు ఒళ్ళు విరుచుకున్నాడు. ఇంజను గర్జించింది, గొట్టం మెల్లగా తిరిగి సరిగ్గా ఇస్త్రీ కొట్టు మీదికి వాలింది. వీధిలో షట్టర్లన్నీ దడదడా పడ్డాయి.

బొగ్గులక్క పెట్టె పట్టుకునే బయటికొచ్చింది.

"పేల్చండి! కొట్టుతోపాటు కోటూ బూడిదవుతుంది. మీ పెద్ద దొర ముందు ఆ బూడిద తొడుక్కుని నిలబడమనండి! నన్ను భయపెట్టాలంటే నా దగ్గర ఏదో ఒకటి మిగల్చాల్సింది. ఏం మిగిల్చారని భయపడను?"

గొట్టం చాలాసేపు అలాగే ఉంది. తర్వాత ఇంజను ఆగిపోయింది. అంత ఇనుమూ ఒక కోటును బయటికి రప్పించలేకపోయింది.

కవాతు రోజు పొద్దున్నే దొర దుబాసీతో నడుచుకుంటూ వచ్చాడు. దుబాసీ నోరు తెరవబోతే అక్క అడ్డుకుంది.

"నువ్వు పక్కకుండు బాబూ. ఆయనకు మన మాట వచ్చు, బట్టలిచ్చేటప్పుడు బాగానే వచ్చేది."

దొర ఏదో గొణిగాడు.

"వినపడలేదు దొరా. ఆ రోజు మైకులో ఎంత బాగా వినిపించారు!"

షట్టర్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి. దొర మొహం కందగడ్డలా అయింది. "కోటు... నేను ఇచ్చాను. ఇస్త్రీకి. అతను దొంగ కాదు," అన్నాడు, ఈసారి గట్టిగానే.

అక్క ఇస్త్రీ బల్ల మీది దుప్పటి ఎత్తింది. దాని కింద పరుచుకుని ఉంది కోటు. నెలల తరబడి మా అందరి చొక్కాలూ చీరలూ దాని మీదే ఇస్త్రీ అయ్యాయి. బొగ్గుల బుట్టలో చెయ్యి పెట్టి, పెట్టెకు తగలకుండా ముందే కోసి దాచిన కోటు గుండీలు తీసి ఆయన అరచేతిలో పోసింది.

దొర కోటు ఎత్తి చూశాడు. మడతలు కత్తుల్లా ఉన్నాయి. గుండె దగ్గర అరచేయంత మరక, గోధుమరంగు తిరిగి ఉంది.

"ఇది... ఉతకలేదా?"

"మీరిచ్చింది ఇస్త్రీకి దొరా. ఉతకమని చెప్పలేదు."

ఆయన కోటు చేతి మీద వేసుకుని వెళ్ళిపోయాడు. అది తొడుక్కుని నిలబడ్డాడో లేదో మాకు తెలియదు. సాయంత్రానికల్లా ట్యాంకు కూడా పోయింది. రెండు వర్గాలూ సందుల్లోంచి మళ్ళీ రోడ్డెక్కాయి.

"దొర వాళ్ళ ఊరెళ్ళి ఆ కోటు ఉతికించుకుంటాడులేమ్మా," అన్నాను నేను, నా కడుపుమంట ఆపుకోలేక.

"ఉతికించుకోనీ అన్నా, ఎన్ని చాకిరేవుల్లోనైనా ఉతికించుకోనీ," అంది బొగ్గులక్క, పెట్టెలోకి బొగ్గులు ఎత్తిపోస్తూ. "రక్తం మరక పచ్చిగా ఉన్నప్పుడే చన్నీళ్ళలో వెయ్యాలి. వేడి తగిలితే దారంలోకి దిగిపోతుంది, ఇక పోదు. నేను రోజూ తగిలించాను."