ఆడవాళ్ళ వైపు గోడ

నేను దెయ్యాలను నమ్మే మనిషిని కాను. మాది బాప్టిస్టు కుటుంబం. ఆదివారం ఆత్మల గురించి వాక్యం విని, సోమవారం నుంచి సిమెంటు, ఇసుక పాళ్ళు చూసుకునే సివిల్ ఇంజనీరుని. పైగా ఇది జరిగింది పట్టపగలు. చెబితే నవ్వుతారని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

కోటబొమ్మాళి దగ్గర ఒక పల్లెలో మా మేనత్త ఉంటుంది. ఆ ఊరి చర్చి మా తాతల కంటే పాతది. దొరలు కట్టించారంటారు గానీ రాళ్ళు మోసింది మనవాళ్ళే. మూరెడుకు మించిన మందం గోడలు, బెల్లం నీళ్ళు పోసి గానుగలో నూరిన సున్నం, కమాను కిటికీలు, పైన టేకు దూలాలు, పెంకు కప్పు. వేదిక మీద పలకలు తీస్తే కింద బాప్తిస్మం తొట్టి. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు చాపల మీద కూర్చుంటారు. ఆ పద్ధతి ఇప్పటికీ తప్పరు.

అసలా చర్చి లేచిందే పిడికెడు బియ్యంతో అని అత్త అంటుంది. ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేస్తారు. ఆదివారం అవి దేవుడికి తెస్తారు.

ఆడవాళ్ళ వైపు గోడ బీటవారి బయటికి ఒరిగింది. పడగొట్టి శ్లాబు వేద్దామా అని సంఘ పెద్దలు నన్ను పిలిచారు. నా మాటే ఆఖరు మాటన్నారు.

రోజూ చర్చి ఊడ్చి తాళం వేసేది అత్తే. తాళంచెవి ఇస్తూ నా చెయ్యి వదల్లేదు.

"పడగొట్టీమని సెప్పకురా నాయనా. మీ మావయ్యని ఈ గుడిలోంచే సాగనంపినాను."

కానీ ఆ బీట చూశాక నాకు వేరే దారి తోచలేదు. దాని కిందే పసిపిల్లల తల్లులు కూర్చుంటారు. మన ప్రేమను చూసి గోడ ఆగదు కదా! పడగొట్టమనే చెబుదామని మనసు రాయి చేసుకున్నాను.

మధ్యాహ్నం. అత్త చర్చి గుమ్మం ముందు మెట్ల మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. పక్క తలుపు గొళ్ళెం తుప్పు పట్టి ఏళ్ళుగా తెరుచుకోదు. కొలతలు ముగించి ఆ గోడకే ఆనుకుని కూలబడ్డాను.

"ఇది ఆడోల్ల వైపు బాబూ. అటెల్లి కూకో."

కిటికీ పక్కన ఒక ముసలమ్మ. తెల్లచీర, తల మీద ముసుగు, ఒళ్ళో గుడ్డమూట. ఎవరో ప్రార్థనకు వచ్చారనుకుని, "తప్పయిందమ్మా" అంటూ లేచి ఎదురువైపు వెళ్ళి కూర్చున్నాను. భయం వేయలేదు. మా నాయనమ్మ కసిరినట్టు హాయిగానే అనిపించింది.

అక్కడ తలెత్తితే కనబడింది. రెండు గోడలనూ కట్టిపట్టి ఉంచాల్సిన అడ్డదూలం కొస కుళ్ళి, ఆ ఒరిగిన గోడలోంచి ఊడి వచ్చేసింది. దాంతో కప్పు బరువు గోడను బయటికి తోస్తోంది. ఆడవాళ్ళ వైపు నుంచి చూస్తే ఆ కొస చెక్క పలకల చాటున ఉంటుంది. జబ్బు గోడది కాదు, దూలానిది. దూలం మారిస్తే గోడ బతుకుతుంది!

సంతోషం పట్టలేక ఆవిడకే ముందు చెబుదామని చూస్తే, అక్కడ ఎవరూ లేరు.

"అత్తా, ఇప్పుడు బయటికెళ్ళిన ముసలమ్మ ఎవరు?"

"ఏ ముసిల్దిరా? నువ్వెల్లినప్పట్నించీ ఇక్కడే ఉన్నాను. ఎవులూ రానేదు, ఎవులూ పోనేదు."

అత్తను లోపలికి తీసుకెళ్ళాను. ఆ ముసలమ్మ కూర్చున్న చోట నేల మీద పిడికెడు బియ్యం ఉన్నాయి. ఎర్రగా, తవుడు అంటుకుని ఉన్నాయి. దంపుడు బియ్యం. ఆ ఊళ్ళో రోళ్ళూ రోకళ్ళూ మూలపడి ఎన్నేళ్ళయిందో. అందరూ తినేది మిల్లు బియ్యమే.

అత్త వాటిని అరచేతిలోకి ఎత్తి వాసన చూసింది. ఎవరని అడగలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"పడగొట్టీసే గుడికి ఎందుకనేసి, ఈ వారం నాను పిడికెడు తియ్యనేదురా. నాను మానీసినా ఆయమ్మ మాననేదు."

దూలం మార్చాం. గోడ నిలబడింది.

ఎవరో మా కన్నుగప్పి వచ్చి వెళ్ళి ఉంటారని, బియ్యం ఎప్పటివో అని నాకు నేను చెప్పుకుని చూశాను. ఆ పొద్దునే అత్త ఆ నేల ఊడ్చింది. ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. దెయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆ ముసలమ్మను ఆ మాట అనడానికి నాకు నోరు రాదు.

శ్రీకాకుళంలో మా ఇంట్లో ఆ అలవాటు ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఎసట్లో బియ్యం పోసే ముందు రోజూ నేనే ఒక పిడికెడు తీసి పక్కన పెడుతున్నాను. ఉన్నట్టుండి ఇదేమిటని మా ఆవిడ అడుగుతుంది. ఆదివారం చర్చికి అంటాను.