చూరులో కొడవలి

నేరాల పుస్తకాల్లో చదవదగ్గవి ఏవని ఎవరైనా అడిగితే, చూసింది చూసినట్టు రాసినవి ఏవైనా సరే అంటాను. ఈ మాట నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లెలో బడిపంతులుగా ఉండేవాణ్ణి. శనివారం బడి వదలగానే బస్సెక్కి నంద్యాల పోయి, స్టేషను దగ్గర అంగట్లో డిటెక్టివ్ నవలలు అద్దెకు తెచ్చుకునేవాణ్ణి. అన్నం మానేసైనా చదివేవాణ్ణి. హంతకుడెవరో సగంలోనే చెప్పేస్తానని నాకు పెద్ద పేరు. ఆ పేరు నాకు నేను పెట్టుకున్నదే.

ఒక ఎండాకాలం మా పల్లె పొలిమేరలో ఒకాయన్ని నరికి చంపారు. ఆయనకూ, మా వీధి చివరి రైతుకూ గట్టు తగాదా ఉండేది. పోలీసులు ఆ రైతు ఇల్లు సోదా చేశారు. అక్కడ కనబడింది కాగితం మీద పెట్టి, పెద్దమనుషుల చేత సంతకాలు చేయించడం పద్ధతి. దాన్ని మహజరు అంటారు. మామూలుగా కరణం రాస్తాడు. ఆ రోజు ఆయన జ్వరంతో పడుకుంటే, దస్తూరి బాగుంటుందని నన్ను పిలిచారు. నా కాళ్లు నేల మీద ఆనలేదు.

పశువుల కొట్టం చూరులో కొడవలి దొరికింది. దాని మీద ఎర్రటి మరక. తుప్పో నెత్తురో ఆ పూట ఎవరికీ తెలియదు. ‘ఎవరి కంటా పడకుండా చూరులో దాచిపెట్టిన కొడవలి’ అని రాశాను. హెడ్ కానిస్టేబులు చదవమంటే గొంతు సవరించుకుని మరీ చదివాను. మా పక్క కొడవలిని చూరులో దోపని ఇల్లు లేదు. మా ఇంట్లోనూ అక్కడే ఉంటుంది. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందన్న సామెత నాకోసమే పుట్టింది.

దాచినాడంట అన్న మాట వారంలో ఊరంతా పాకింది. తప్పు రాశానని అప్పుడే తెలిసింది. పోయి చెబితే పంతులు పరువు పోతుందని నోరు మూసుకున్నాను. ఆ రైతు జైల్లో ఉన్నాడు, రుజువైతే ఉరి. సిగ్గుపడుతూ చెబుతున్నాను, ఆ నెలల్లో కూడా నేను నవలలు తెచ్చుకున్నాను.

నంద్యాల కోర్టులో నన్ను సాక్ష్యానికి పిలిచారు. రైతు తరఫు ప్లీడరు నిదానంగా అడిగాడు.

"మీ ఇంట్లో కొడవలి యాడ పెడ్తారప్పా?"

"చూరులో."

"దాచిపెడ్తారా?"

బోనులోంచి రైతు నావైపే చూస్తున్నాడు. లేదు, ఊరికే దోపుతామన్నాను. మరి అట్లా ఎందుకు రాశావంటే, చదివేదానికి బాగుంటుందని రాశానన్నాను. ఎవరూ నవ్వలేదు. మరక నెత్తురేనని తేలలేదు. మిగిలిన సాక్ష్యం నా రాత ఒక్కటే. అది పోయాక అతన్ని వదిలేశారు.

బస్టాండులో అతనే నా దగ్గరికి వచ్చాడు. క్షమించమని చేతులు పట్టుకున్నాను. తిట్టలేదు.

"మాయమ్మ జైలుకొచ్చి అడిగె అయ్యోరా, నిజంగా దాచినావా నాయనా అని. ఊరికే దోపినాలేమ్మా అంటే నమ్మలా. అయ్యోరు అబద్ధం రాస్తాడా అనె."

ఆమె పోయి అప్పటికి రెండు నెలలు. కొడుకే చంపాడనుకుని పోయింది.

ఆ పూట ఆళ్లగడ్డకు ఉన్నది ఒకటే బస్సు. ఇద్దరం అందులోనే వచ్చాం.