పుస్తకంలోకి ఎక్కని బిడ్డ

మా ఊరి ఆడవాళ్ళు కలిసి పెట్టుకున్న ఆరోగ్య సంఘానికి పేర్లు రాసేది నేనే. చర్చి బడిలో పంతులమ్మని కాబట్టి ఆ పని నాకు అప్పగించారు. ఏడాదికోసారి ఇంటింటికీ తిరిగి చందా కట్టినవాళ్ళ పేర్లు, వాళ్ళ పిల్లల పేర్లు పుస్తకంలో ఎక్కించేదాన్ని. పుస్తకంలో ఉన్నవాళ్ళకు జబ్బు చేస్తే, సంఘం మాట్లాడి పెట్టుకున్న గుంటూరు ఆసుపత్రిలో ముందుగా డబ్బు అడక్కుండా చేర్చుకుంటారు.

ఆ ఏడు మా తోడికోడలికి ఆడపిల్ల పుట్టింది. మిరపకాయ కోతలయ్యాక బాప్తిస్మం ఇప్పించి పేరు పెడదామనుకున్నారు. "పేరు పెట్టాక రాస్తాలే" అన్నాను నేను.

బిడ్డకు మూడో నెల. ఒక ఉదయం తోడికోడలు బడికి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, రాత్రి నుంచీ పాలు తాగట్లేదు. ఎట్టా ఎగపోస్తుందో చూడు!"

గుడ్డ తీసి చూశాను. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి. పిల్లల్ని పక్క టీచరుకు అప్పజెప్పి ఆటో ఎక్కాం. గుంటూరులో మిర్చి యార్డు దగ్గర బస్తాల లారీలు అడ్డం పడ్డాయి. ఘాటుకు మేమిద్దరం దగ్గుతున్నాం. బిడ్డకు దగ్గే ఓపిక కూడా లేదు.

ఆసుపత్రి కౌంటర్లో కుర్రాడు జాబితా చూశాడు.

"తల్లి పేరుందండీ. బిడ్డ పేరు లేదు. అడ్వాన్స్ కట్టండి, లేదా మీ ప్రెసిడెంటు గారితో చెప్పించండి."

తోడికోడలు నా మొహంలోకి చూసింది. నేను తల దించుకుని ప్రెసిడెంటుకు ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తింది. చేలో ఉంది.

"పేరెందుకు రాయలేదు?"

"నాదే తప్పు వదినా."

తనొక్కతే తేల్చలేక ఆమె అక్కడున్న కూలీలను కేకేసి సంగతి చెప్పింది. అందరూ సంఘంలో వాళ్ళే. ఒక ముసలామె గొంతు గట్టిగా వినిపించింది.

"పోయినేడు నా మనవడికి లేదన్నారుగా! చందా రెండ్రోజులు ఆలస్యమైందని పంతులమ్మే పుస్తకం మూసిందిగా!"

నిజమే. నేనే మూశాను. ఫోన్ చెవికి నొక్కి పట్టుకున్నాను. బిడ్డ పెదాలు నీలంగా మారుతున్నాయి.

మళ్ళీ ఆ ముసలామే అంది: "సర్లే, చేర్చుకోమను. పసిది ఏం చేసింది?"

ఫోన్ కుర్రాడి చేతికిచ్చాను. అతను ప్రెసిడెంటు మాట విన్నాడో లేదో, నర్సు బిడ్డను లాక్కున్నట్టు తీసుకుని లోపలికి పరుగెత్తింది. న్యుమోనియా అన్నారు. నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉంచారు. అయిదో రోజు బిడ్డ పాలు తాగింది. ఆ నాలుగు రోజులూ తోడికోడలు నాతో ముక్తసరిగానే మాట్లాడింది.

ఊరొచ్చాక ముసలామె దగ్గరికి వెళ్ళాను. ఆమె కళ్ళంలో మిరపకాయలు తిరగేస్తోంది. దణ్ణం పెట్టబోతే వారించింది.

"నాకెందుకమ్మా దణ్ణాలు? ఇక మీదట ఏ పిల్లనీ వెనక్కి పంపమాకండి."

తర్వాతి మీటింగులో ఆ మాటే అడిగాను. చాలాసేపు అరుచుకున్నారు. చివరికి ఒప్పుకున్నారు.